సార్డీనియా: బీచ్‌ల సంగతి వద్దు, లోపలి ఊళ్ళ గురించి చెప్పండి

గోదారిగట్టు
అందరికీ నమస్కారం. మేం మ్యూనిక్‌లో ఉంటాం. జనవరి మధ్యలో ఓ వారం సెలవు దొరికేలా ఉంది. మా ఆవిడ ఇటలీ దీవి సార్డీనియా అంటోంది, ఆ చలిలో సముద్రం దగ్గర ఏం చేస్తాం అని నేను. నెట్‌లో ఎక్కడ వెతికినా పచ్చ నీళ్ళు, తెల్ల ఇసుక, గొడుగుల కింద జనం, అంతే. మాకు పాత కట్టడాలు, ఊరివాళ్ళు తమ కోసం తాము చేసుకునే పండగలు, పాట, తిండి కావాలి. వెళ్ళినవాళ్ళు, అక్కడ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే తీరిగ్గా చెప్పండి. పొడుగైనా పర్లేదు, చదువుతా.

కాల్యారి_కుర్రోడు
అన్నా, నేను సార్డీనియా రాజధాని కాల్యారిలోనే మాస్టర్స్ చేశాను. జనవరి మధ్య అంటున్నారు కాబట్టి ఇంకేం ఆలోచించకండి, 16, 17 తేదీల్లో మమోయాదలో ఉండండి. దీవి నడిమధ్య బర్బాజ అనే కొండప్రాంతంలో చిన్న ఊరు. ఆ రెండు రోజులూ సంత్ అంతోనియో అనే క్రైస్తవ సాధువు పండగ. 16 సాయంత్రం చర్చి దగ్గర పెద్ద మంట వేసి పాదిరి దీవిస్తాడు, జనం దాని చుట్టూ తిరుగుతారు, ఆ తర్వాత పేటపేటకీ ఒక మంట లేస్తుంది. మంట దగ్గర నిలబడితే చాలు, మీరెవరని కూడా అడక్కుండా చేతిలో వైన్ గ్లాసు పెడతారు. అక్కడి ఎర్ర వైన్‌ని కన్నొనావు అంటారు, జాగ్రత్త, తేలిగ్గా దిగుతుంది కానీ తేలిగ్గా వదలదు.

17న మముథోనెస్ అనే వేషగాళ్ళు బయటికొస్తారు. పన్నెండు మంది, రెండు వరసలు, ఒంటి మీద నల్ల గొర్రెతోళ్ళు, ముఖానికి నల్ల చెక్క ముసుగు, తలకి ఆడవాళ్ళ రుమాలు. వీపు మీద ఇరవై ముప్పై కిలోల ఇత్తడి, ఇనుప గంటలు, తోలు పట్టీలతో ఎంత గట్టిగా కడతారంటే ఊపిరి సగమే తీసుకోగలరు. ఒక్క మాట మాట్లాడరు. ఒక అడుగు వేసి భుజం ఒక పక్కకి విసురుతారు, మళ్ళీ అడుగు, మళ్ళీ రెండో భుజం. పన్నెండు వీపుల మీద గంటలు ఒక్కసారే మోగుతాయి. ఆ మోత చెవులతో వినేది కాదు, గుండెల్లో తగుల్తుంది. పక్కన ఎర్ర చొక్కా, తెల్ల పంట్లాం వేసుకున్న ఇస్సొహదోరెస్ ఉంటారు. వాళ్ళ దగ్గర తాడు ఉంటుంది, గుంపులో ఉన్నవాళ్ళ మీదికి విసిరి లాగుతారు, ఎక్కువగా ఆడవాళ్ళని. పడితే మంచి జరుగుతుందని నమ్మకం.

పద్మజ_హన్మకొండ
వీడియోల్లో చూశాను. నాకొక అనుమానం. ప్రతి వెబ్‌సైటూ "మూడు వేల ఏళ్ళ నాటి ఆచారం", "క్రైస్తవానికి ముందు నాటిది" అని రాస్తది. ఆధారం ఏది అని అడిగితే ఎవరూ చెప్పరు. పైగా ఎండాకాలంలో హోటళ్ళ ముందు ఇవే ముసుగులు వేసుకుని పావుగంట ఆడించి పంపిస్తారు. దీన్ని బతికున్న సంప్రదాయం అనాలా, టూరిజం శాఖ సరుకు అనాలా?

రాళ్ళూరప్పలూ
పద్మజగారి అనుమానం సబబే. మమోయాద ముసుగులు వేల ఏళ్ళ నాటివని చెప్పే రాత ఆధారం ఏదీ లేదు. గ్రీకు దేవుడు డయొనిసస్ పూజ అన్నవాళ్ళున్నారు, పశువుల మచ్చిక అన్నవాళ్ళున్నారు, సముద్రం మీదుగా వచ్చిన ముష్కరుల్ని పట్టి కట్టి ఊరేగించిన గెలుపు అన్నవాళ్ళూ ఉన్నారు. అన్నీ ఊహలే. కానీ ఆ వయసు తేల్చకపోతే నష్టమేంటో నాకర్థం కాదు. పాతదైతేనే గొప్ప అనే రోగం మనకీ ఉంది, ప్రతి ఊరి గుడికీ స్థలపురాణంలో త్రేతాయుగం తగిలిస్తాం.

నిజంగా పాతవి కావాలంటే ఆ దీవిలో కొదవ లేదు. కంచుయుగంలో కట్టిన నురాగె బురుజులు ఇప్పటికీ ఏడు వేల దాకా నిలిచి ఉన్నాయి. దీవి జనాభా పదహారు లక్షల లోపు, లెక్క వేసుకోండి. రోడ్డు మీద పోతుంటే పొలంలో ఒకటి, గుట్ట మీద ఒకటి, గొర్రెల దొడ్డి గోడకి ఆనుకుని ఇంకొకటి. కొన్నిటికి టికెట్టు, చాలావాటికి బోర్డు కూడా ఉండదు.

ఒక్కటే చూసే టైముంటే బరూమినిలో సు నురాజి అనే నురాగె చూడండి. 1950ల దాకా అది మట్టి కప్పేసిన గుట్ట. జొవాన్నీ లిల్ల్యూ అనే పురావస్తువేత్త తవ్వించాడు, ఆయన పుట్టిందీ బరూమినిలోనే. చిన్నప్పుడు ఆడుకున్న గుట్టని పెద్దయ్యాక తవ్వి ప్రపంచానికి చూపించడం ఎంతమందికి దొరుకుతుంది? 1997లో యునెస్కో జాబితాలో చేరింది. నడుమ బురుజు మొదట్లో పద్దెనిమిది మీటర్లకు పైనే ఉండేదంటారు, ఇప్పుడు పై అంతస్తు పోయింది. తర్వాత దాని చుట్టూ నాలుగు మూలల్లో నాలుగు బురుజులు, ఆ తర్వాత బయట గుండ్రటి గుడిసెల ఊరు. సున్నం లేదు, బంకమన్ను లేదు. పెద్ద పెద్ద బసాల్ట్ రాళ్ళని వలయంగా పేర్చి, పై వరసని కింది వరసకంటే కాస్త లోపలికి జరుపుకుంటూ పోయారు. పైకి వెళ్ళేకొద్దీ వలయం చిన్నదై చివర ఒక్క రాయితో మూసుకుంటుంది. లోపల నిలబడి తలెత్తి చూస్తే రాళ్ళ వలయాలు ఒకదానిలో ఒకటి. గైడ్ లేకుండా లోపలికి పంపరు. మెట్లు ఇరుకు, నాలాంటి పొట్ట ఉన్నవాళ్ళు పక్కకి తిరిగి ఎక్కాలి.

తాళంతప్పినోడు
మాస్టారూ, అవి కోటలా గుళ్ళా?

రాళ్ళూరప్పలూ
కాలాన్ని బట్టి మారి ఉంటాయి. మొదట ఒంటి బురుజులు, కాపలాకో, గొడ్డూగోదా సరిహద్దు చూసుకోవడానికో. తర్వాత పెద్దవి కట్టారు. ఇంకా తర్వాత కొన్నింటిలో పూజలు జరిగిన గుర్తులు దొరికాయి. ఒకటే జవాబు అడిగేవాడికి ఆ రాళ్ళు చెప్పవు. సముద్రంలో మునిగిందనే అట్లాంటిస్ దీవి ఇదేనని, ఈజిప్టు రాతల్లోని షర్దన యోధులు వీళ్ళేనని బోలెడు కథలున్నాయి. షర్దన గురించి పండితులు నిజంగానే వాదించుకుంటున్నారు. అట్లాంటిస్ వాళ్ళని వదిలేయండి.

పూజ సంగతి వచ్చింది కాబట్టి, పౌలిలాతినో దగ్గర సాంత క్రిస్తీన బావి తప్పక చూడండి. నాకు నురాగెల కంటే అదే ఎక్కువ నచ్చింది. నేలలోకి దిగే ఇరవై అయిదు మెట్లు, పైన వెడల్పు, కిందికి పోయేకొద్దీ సన్నం. తలపైన కప్పు కూడా మెట్లుమెట్లుగానే, అంటే మెట్లని తలకిందులు చేసి పైన పెట్టినట్టు. రాళ్ళ అతుకులు చూస్తే నిన్న సాయంత్రం మేస్త్రి దిగి చేతులు కడుక్కుని పోయాడేమో అనిపిస్తుంది. మూడు వేల ఏళ్ళ నాటిదని నమ్మబుద్ధి కాదు. మార్చి, సెప్టెంబరుల్లో పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల్లో ఎండ మెట్ల మీదుగా దిగి అడుగున నీళ్ళని తాకుతుంది. జనవరిలో ఆ ఎండ దొరకదు కానీ జనం కూడా ఉండరు.

గోదారిగట్టు
అద్భుతం. ఒక సందేహం. దీవి కదా, మరి పాత ఊళ్ళన్నీ కొండల్లో ఎందుకున్నాయి? సముద్రం ఒడ్డున చేపలు పట్టుకుని బతకొచ్చు కదా.

కాల్యారి_కుర్రోడు
రెండు కారణాలు చెప్తారు అక్కడ. ఒకటి దొంగలు. ఫినీషియన్లు, కార్తేజ్ వాళ్ళు, రోమన్లు, పీసా, జెనోవా, ఆరగాన్, స్పెయిన్, మధ్యలో ఉత్తరాఫ్రికా ఓడల దాడులు, అందరూ సముద్రం మీంచే వచ్చారు. "సముద్రం నుంచి వచ్చేవాడు దోచుకోవడానికే వస్తాడు" అని సార్డు భాషలో సామెత ఉంది. రెండోది మలేరియా. తీరమంతా బురదనేలలు, దోమలు. 1946 నుంచి 1950 దాకా అమెరికావాళ్ళ రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో దీవంతా డీడీటీ కొట్టి మలేరియా లేకుండా చేశారు. ఆ తర్వాతే తీరానికి విలువొచ్చింది. 1960ల్లో ఇస్మాయిలీ ముస్లిముల మతపెద్ద ఆగా ఖాన్ వచ్చి ఈశాన్య తీరంలో కోస్తా స్మెరాల్డా అనే రిసార్టు ప్రాంతం మొదలుపెట్టాడు. అంటే మనం బ్రోషర్లలో చూసే సార్డీనియా వయసు అరవై ఏళ్ళు. పాతకాలంలో ఆస్తి పంచేటప్పుడు పనికిరాని సముద్రపొడ్డు భూమి ఆడపిల్లలకి ఇచ్చేవారని, తర్వాత వాళ్ళే కోటీశ్వరులయ్యారని అక్కడ ప్రతివాళ్ళూ నవ్వుతూ చెప్తారు.

పచ్చడిమెతుకులు
తిండి దగ్గరికి రండి బాబూ. మేం శాకాహారులం, మాకు ఏం దొరుకుతుంది అక్కడ?

కాల్యారి_కుర్రోడు
దొరుకుతుంది అక్కా, కాకపోతే ఒక మెలిక ఉంది, చివర్లో చెప్తా.

ముందు రొట్టె. పానె కరసావు. కాగితమంత పల్చన, విరిస్తే టప్‌మని శబ్దం. పిండి గుండ్రంగా వత్తి బాగా కాగిన కట్టెల పొయ్యిలో పెడితే బంతిలా పొంగుతుంది. వెంటనే బయటికి తీసి, ఆవిరి చెయ్యి కాలుస్తుండగానే, అంచు చుట్టూ చాకుతో కోసి రెండు పొరలు విడదీస్తారు. ఆ పొరల్ని మళ్ళీ పొయ్యిలో పెట్టి కరకరలాడేలా కాలుస్తారు. తడి అసలుండదు, అందుకే నెలల తరబడి పాడవదు. గొర్రెల వెంట కొండలెక్కి నెలలు ఇంటికి రానివాళ్ళు సంచిలో కట్టుకెళ్ళిన రొట్టె ఇది. పాతకాలంలో ఇంటి ఆడవాళ్ళు, చుట్టుపక్కల వాళ్ళు కలిసి తెల్లవారుఝామునే మొదలుపెట్టి రోజంతా చేసేవారు. ఒకరు వత్తాలి, ఒకరు పొయ్యి దగ్గర, ఒకరు కొయ్యాలి, ఒక్కళ్ళ వల్ల అయ్యే పని కాదు.

కులుర్జోనెస్ అని ఒల్యాస్త్ర ప్రాంతంలో చేస్తారు. లోపల ఆలుగడ్డ, పెకొరీనో అనే గొర్రెపాల జున్ను (చీజ్), పుదీనా. అంచుల్ని వేళ్ళతో గోధుమ కంకిలా అల్లి మూస్తారు, చూస్తే కొరకబుద్ధి కాదు. తర్వాత సెయాదస్, లోపల జున్ను పెట్టి నూనెలో వేయించి పైన వేడి తేనె పోస్తారు. కొన్నిచోట్ల ఇప్పటికీ పందికొవ్వులోనే వేయిస్తారు, అడిగి తినండి.

మెలిక ఏంటంటే జున్ను. సార్డీనియా గొర్రెజున్నుల్లో చాలావాటికి పాలు విరగ్గొట్టడానికి గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన రెన్నెట్ వేస్తారు. మీ పట్టింపు ఎంతో మీరే చూసుకోవాలి.

పచ్చడిమెతుకులు
అయ్యో. జున్ను మానేస్తే అక్కడ మిగిలేది రొట్టె, పుదీనాయేగా. సర్లే, తేనె ఉందిగా.

రాళ్ళూరప్పలూ
తిండిలో ఒకటి మర్చిపోయారు. నువోరో పట్నంలో సు ఫిలిందెవు అనే పాస్తా. గోధుమ రవ్వ, నీళ్ళు, ఉప్పు, ఇంకేం లేదు. ముద్దని చేత్తో సాగదీసి మడవడం, మళ్ళీ సాగదీసి మడవడం, ఎనిమిది సార్లు. రెట్టింపులు లెక్క వేస్తే 256 పోగులు, వెంట్రుకలంత సన్నం. వాటిని గుండ్రటి పళ్ళెం మీద మూడు పొరలుగా, ఒక్కో పొర ఒక్కో దిక్కుకి పరిచి ఎండబెడితే నేసిన బట్టలా ఉంటుంది. ముద్దకి ఎప్పుడు ఉప్పునీళ్ళు అద్దాలో ఎప్పుడు మామూలు నీళ్ళు అద్దాలో వేళ్ళకే తెలియాలి, పుస్తకంలో రాసి నేర్పేది కాదు. పాస్తా కంపెనీల ఇంజనీర్లు వచ్చి చూసి యంత్రం చేయలేక వెళ్ళిపోయారు. అసలు దాన్ని అమ్మకానికి చేసేవారు కాదు. మే, అక్టోబరుల్లో నువోరో నుంచి రాత్రంతా నడిచి లూల దగ్గరి సాన్ ఫ్రాంచెస్కో చర్చికి చేరిన భక్తులకి గొర్రెమాంసం పులుసులో వేసి పెట్టేవారు, ఇప్పటికీ పెడతారు. ఇది శాకాహారం కాదని ముందే చెప్తున్నా.

పద్మజ_హన్మకొండ
నేను వేసిన ప్రశ్న పక్కకి పోయింది. మళ్ళీ వేస్తున్నా. ఈ పాస్తా చేయడం వచ్చిన ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. పేపర్లలో రాశారు, టీవీల్లో చూపించారు, షెఫ్‌లు వచ్చి ఫొటోలు దిగారు. దాంతో ఏమొచ్చింది? ఫొటో దిగినవాళ్ళు నేర్చుకోలేదు కదా.

తాళంతప్పినోడు
పద్మజక్కా, పాట సంగతి చూస్తే నాకు వేరేలా అనిపిస్తుంది. కాంతు ఆ తెనోరె విన్నారా? నలుగురు మగాళ్ళు ఒకరికొకరు భుజం తగిలేలా గుండ్రంగా నిలబడి పాడతారు. బోగె అనేవాడు పాట ఎత్తుకుంటాడు, అతనిది మామూలు గొంతు. బస్సు, కాంత్ర అనే ఇద్దరు గొంతు బిగించి లోపల్నుంచి గరగరమనే శ్రుతి పట్టుకుంటారు. మెజ బోగె పైన సన్నగా అల్లుతాడు. బస్సుది ఎద్దు రంకె, కాంత్రది గొర్రె అరుపు, మెజ బోగెది గాలి అని గొర్రెలకాపరులు చెప్పుకుంటారు. ఒక చెవి చేత్తో మూసుకోవడం చూస్తాం, అది స్టైల్ కాదు, పక్కవాడి గొంతులో తనది కొట్టుకుపోకుండా. 2005లో యునెస్కో గుర్తించింది, 2008లో జాబితాలోకి ఎక్కింది. ఆ తర్వాత స్టేజీ కచేరీలు పెరిగాయి, నిజమే. కానీ బిత్తి ఊరి గాయకుడి చెవికి ఓర్గోసొలో ఊరి తెనోరె ఇట్టే తెలిసిపోతుంది, ఏ ఊరి బాణీ ఆ ఊరిదే. బార్‌లో పెళ్ళి మాటలు అయ్యాక నలుగురు లేచి పాడుతున్నంత కాలం స్టేజీ వల్ల వచ్చే నష్టం తక్కువే అని నా లెక్క.

ఇంకోటి లౌనెద్దస్. మూడు రెల్లు గొట్టాలు, ఒకేసారి నోట్లో పెట్టుకుని ఊదుతారు. పొడుగుదానికి రంధ్రాలుండవు, శ్రుతి మాత్రమే. మిగతా రెండూ రెండు చేతులతో పాట. ఊపిరి ఆగదు, ముక్కుతో పీలుస్తూనే బుగ్గల్లో గాలి బయటికి తోస్తుంటారు. పిల్లలకి నేర్పడానికి గిన్నెలో నీళ్ళు పోసి గడ్డిపుడక ఇచ్చి బుడగలు ఆగకుండా ఊదమంటారు. మన పాములవాళ్ళ నాగసరంలోనూ ఇదే కిటుకు, ఒక గొట్టం శ్రుతి, ఒకటి పాట, ఆగని ఊపిరి. నాగసరం మనం అడుక్కునేవాళ్ళ వాద్యం చేసి వదిలేశాం. వాళ్ళు కాల్యారిలో కచేరీలు పెట్టి, పిల్లలకి బళ్ళలో నేర్పుతున్నారు. ఇత్తిరిలో దొరికిన చిన్న కంచు బొమ్మ ఇలాంటి మూడు గొట్టాల వాద్యం ఊదుతూ ఉంటుంది. దాని వయసు రెండున్నర వేల ఏళ్ళ పైమాటే, కాబట్టి పద్మజక్క అడిగిన "ఆధారం ఏది" అనేదానికి దీని విషయంలో బొమ్మ ఉంది.

పద్మజ_హన్మకొండ
బొమ్మ ఒప్పుకుంటున్నా :) వాద్యం బతికిందని చెప్పొచ్చు. మముథోనెస్ మీద మాత్రం నా మాట అలాగే ఉంది.

రాళ్ళూరప్పలూ
బొమ్మల మాట వచ్చింది కాబట్టి మోంతె ప్రామ చెప్పకుండా ఉండలేను. 1974లో కాబ్రస్ దగ్గర పొలం దున్నుతుంటే నాగలికి రాతి బొమ్మ ముక్కలు తగిలాయి. తవ్వితే వేల ముక్కలు. మనిషి కంటే ఎత్తైన విగ్రహాలు, విలుకాళ్ళు, తలపైకి డాలు ఎత్తి పట్టుకున్న మల్లులు, కళ్ళు చూస్తే ఒకదానిలో ఒకటి రెండు వలయాలు, రోబోల్లా. క్రీస్తుకు ముందు తొమ్మిది, ఎనిమిది శతాబ్దాల నాటివంటారు. పశ్చిమ మధ్యధరా ప్రాంతంలో అంత పాత నిలువెత్తు శిల్పాలు అరుదు. మరి ఇంత గొప్పవాటిని ఏం చేశారు? ముప్పై ఏళ్ళ పాటు చాలా ముక్కలు గోడౌన్లో మూలుగుతూ ఉన్నాయి. 2007లో మొదలుపెట్టి 2011 దాకా సస్సారి దగ్గర కూర్చి నిలబెట్టారు. ఇప్పుడు కొన్ని కాల్యారి మ్యూజియంలో, కొన్ని కాబ్రస్‌లో. ఇంకా తవ్వకాల్లో కొత్తవి దొరుకుతూనే ఉన్నాయి. వారసత్వం మీద ప్రేమ ఉపన్యాసాల్లో కంటే గోడౌన్లలోనే బాగా తెలుస్తుంది. మన రాష్ట్రాల్లో మ్యూజియం వెనక గదులు చూసినవాణ్ణి, నాకేం ఆశ్చర్యం వేయలేదు.

2025లో ఇంకో యునెస్కో గుర్తింపు వచ్చింది, దొముస్ దె జానస్. నురాగెల కంటే పాతవి, కొండరాతిలో తొలిచిన సమాధులు, లోపల ఇంటికున్నట్టే దూలాలు, గుమ్మాలు, పొయ్యి చెక్కారు. కొన్నింటి గోడల మీద ఎద్దు కొమ్ములు. చచ్చినవాళ్ళకి ఇల్లు కట్టించారన్నమాట.

కాల్యారి_కుర్రోడు
పద్మజగారూ, మీ ప్రశ్నకి నాకు తెలిసినంతలో చెప్తా. టూరిస్టుల కోసం ఆడటం ఉంది, కాదనను. ఊళ్ళో రెండు బృందాలున్నాయి, వేసవిలో బయట ఊళ్ళకీ విదేశాలకీ వెళ్తాయి. కానీ జనవరి 17 వేరు. మధ్యాహ్నం వేషం కట్టేటప్పుడు ఆ గదిలోకి వెళ్ళండి, రానిస్తారు. గంటల పట్టీలు బిగించడానికి ఒక్కొక్కడికీ ఇద్దరు కావాలి. మోకాలు వీపుకి ఆనించి లాగుతారు. నవ్వులు, తిట్లు, సిగరెట్లు అన్నీ ఉంటాయి. ముసుగు ముఖాన పడగానే మాట ఆగిపోతుంది. ఆ తర్వాత చీకటి పడేదాకా, పేటలో ప్రతి మంట దగ్గరికీ వెళ్ళి తిరుగుతారు. ఏ మంట దగ్గరా స్టేజీ లేదు, మైక్ లేదు, షెడ్యూలు లేదు. ఒక మంట దగ్గర పదిహేను మంది ముసలివాళ్ళు తప్ప ఎవరూ లేరు, అయినా వెళ్ళి అదే పద్ధతిలో ఆడారు, ఒక్క అడుగు తగ్గించలేదు. చూసేవాళ్ళ కోసమే అయితే ఆ మంట వదిలేసి పోయేవారు కదా.

ఆ మంటల కథ కూడా బాగుంటుంది. ఒకప్పుడు భూమ్మీద నిప్పు లేదట, జనం చలికి వణికిపోతుంటే సంత్ అంతోనియో తన పందిపిల్లని వెంటేసుకుని నరకం తలుపు తట్టాడట. పంది లోపల దూరి రాద్ధాంతం చేస్తుంటే దయ్యాలు దాని వెంట పడ్డాయి, ఈయన తన చేతికర్రని నిప్పులో పెట్టి ఏమీ ఎరగనట్టు బయటికొచ్చాడు. ఆ కర్ర ఫెరూల అనే మొక్కది, లోపల దూది లాంటి గుజ్జు ఉంటుంది, బయటికి కనపడకుండా లోపల్లోపలే రాజుకుంటుంది. ఆ మొక్క దీవంతా రోడ్ల పక్కన పెరుగుతుంది, మీకూ కనపడుతుంది.

పద్మజ_హన్మకొండ
పదిహేను మంది ముసలివాళ్ళ మంట, ఇది విన్నాక ఒక మెట్టు దిగుతా. కానీ ఇంకో సంగతి చెప్పండి. ఆ ముసలివాళ్ళు మాట్లాడే సార్డు భాష పిల్లలు మాట్లాడతారా? ఇటలీ 1999లో 482 నంబరు చట్టంతో దాన్ని అల్పసంఖ్యాక భాషగా ఒప్పుకుంది. చట్టం ఒకటి, ఇల్లు ఒకటి. పాట పాడతారు, వేషం కడతారు, పిల్లవాణ్ణి తిట్టేది మాత్రం ఇటాలియన్‌లో అయితే ఆ పాట ఎంతకాలం అర్థమైతది?

కాల్యారి_కుర్రోడు
గట్టి ప్రశ్న. కాల్యారి పట్నంలో నా క్లాస్‌మేట్లు దాదాపు అందరూ ఇటాలియనే. "మా అమ్మమ్మ మాట్లాడుతుంది, నాకు అర్థమవుతుంది, తిరిగి జవాబివ్వలేను" అంటారు. ఈ వాక్యం మన బెంగళూరు, డాలస్ పిల్లల దగ్గర కూడా వినే ఉంటారు. బర్బాజ ఊళ్ళలో మాత్రం కుర్రాళ్ళు కూడా సార్డులోనే మాట్లాడుకుంటారు. అక్కడ కూడా తగ్గుతోందని వాళ్ళే చెప్తారు.

తాళంతప్పినోడు
భాష మీద పట్టున్న చోట ఏం జరుగుతుందో వినండి. ఊరి జాతరల్లో ఆశుకవుల పోటీ పెడతారు, గార పొయెతిక అని. రాత్రి చౌరస్తాలో వేదిక, ఇద్దరు ముగ్గురు కవులు. వాళ్ళకి అప్పటికప్పుడు చీటీ తీసి అంశం ఇస్తారు, ఒకడికి "యుద్ధం", ఇంకొకడికి "శాంతి" అన్నట్టు ఎదురెదురు పక్షాలు. ఎనిమిది పాదాల పద్యం, ప్రాస తప్పకూడదు, పాడుతూ చెప్పాలి, అవతలివాడు వేసిన ఎత్తుకి తన పద్యంలో పైఎత్తు వెయ్యాలి. గంటల తరబడి సాగుతుంది. పద్యం ముగింపుకి వెనకాల తెనోరె గొంతులు కలుస్తాయి. 1896లో ఒజియేరిలో ఆంతోనియో కుబెద్దు అనే కవి దీన్ని వేదికెక్కించాడు, ఫాసిస్టుల కాలంలో నిషేధం కూడా పడింది. మన తిరుపతి వెంకట కవులు ఊరూరా అవధానాలు చేస్తూ తిరుగుతున్న రోజులే అవి! ఒకళ్ళకొకళ్ళు తెలియదు, ఒకే కాలంలో అక్కడా ఇక్కడా జనం రాత్రిళ్ళు కూర్చుని పద్యానికి ఈలలు వేశారు. చూడ్డానికి ఎక్కువమంది ముసలివాళ్ళే వస్తారన్నది కూడా రెండు చోట్లా ఒకటే.

గోదారిగట్టు
ఈ థ్రెడ్ నేను అనుకున్న దానికంటే ఎక్కడికో వెళ్ళింది, చాలా థాంక్స్. మా ఆవిడ ఇంకో ప్రశ్న అడగమంది: ఓర్గోసొలో గోడబొమ్మలు వెళ్ళి చూడదగ్గవేనా, లేక ఇన్‌స్టా సరుకా?

కాల్యారి_కుర్రోడు
తప్పకుండా వెళ్ళండి, మమోయాద నుంచి పావుగంట దారి. ఇవి అందానికి వేసిన బొమ్మలు కావు. 1969లో ఆ ఊరి పైన ప్రాతొబెల్లో అనే మేతభూమిని సైన్యం కాల్పుల శిక్షణకి తీసుకుంటామంది. ఊరు ఊరంతా, ఆడవాళ్ళూ పిల్లలతో సహా, వెళ్ళి ఆ మైదానంలో కూర్చున్నారు. సైన్యం వెనక్కి తగ్గింది. గోడ మీద మొదటి బొమ్మ కూడా ఆ ఏడాదిదే. 1975 నుంచి సియేనా నుంచి వచ్చిన బడిపంతులు ఫ్రాంచెస్కో దెల్ కాసీనో పిల్లలతో కలిసి వేయించాడు. ఇప్పుడు ఊళ్ళో ఎటు తిరిగినా బొమ్మే, భూమి, యుద్ధం, కూలీలు, ఆడవాళ్ళు.

భూమి అంటే గుర్తొచ్చింది, ఈ సంప్రదాయాలన్నీ నిలబడ్డది గొర్రెల మీద. దీవిలో మనుషుల కంటే గొర్రెలు దాదాపు రెట్టింపు. రోమన్ పేరు పెట్టుకున్న పెకొరీనో రొమానో జున్నులో ఎక్కువ భాగం తయారయ్యేది సార్డీనియాలోనే. 2019 ఫిబ్రవరిలో లీటరు గొర్రెపాలకి అరవై సెంట్లే ఇస్తున్నారని కాపరులు క్యాన్లు క్యాన్లు రోడ్ల మీద పారబోశారు. గొర్రెలు పోతే ఆ గంటలు ఎవరు కడతారు, ఆ తోళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి? యునెస్కో సర్టిఫికెట్ పాలధర పెంచదు.

పద్మజ_హన్మకొండ
ఇది చెప్పారు చూడండి, ఇదే నేను మొదట్నుంచీ అడుగుతున్నది. గొర్రెలు ఉన్నంత వరకే ముసుగు బతికినట్టు, లేనప్పుడు అది వేషం.

రాళ్ళూరప్పలూ
అంత తేలిగ్గా తెగదు లెండి. కాల్యారిలో సంత్ ఎఫీజియో అనే సాధువు ఊరేగింపుకి గొర్రెలతో సంబంధమే లేదు. 1652లో ప్లేగు వచ్చినప్పుడు, తగ్గితే ఏటా నీ విగ్రహాన్ని నోరా దాకా మోస్తాం అని పట్నం మొక్కుకుంది. 1657 నుంచి ఏటా మే 1న బయల్దేరి, 4 రాత్రికి తిరిగి రావాలి. పూలతో, రొట్టెలతో అలంకరించిన ఎడ్లబళ్ళు ముందు, ఊరూరి నుంచి వాళ్ళ వాళ్ళ బట్టలు కట్టుకుని వచ్చిన జనం, గుర్రాలు, ఆఖర్న సాధువు రథం, దారంతా పూలరేకులు. 1943లో బాంబులు పడి పట్నం సగం కూలి, జనం ఊళ్ళకి పారిపోయిన ఏడు కూడా ఆపలేదు, విగ్రహాన్ని పాలు తోలే లారీ ఎక్కించి తీసుకెళ్ళారు. 2020లో కరోనా వచ్చినప్పుడు జనం లేకుండానే వెళ్ళొచ్చింది. ప్లేగు పోయి మూడున్నర శతాబ్దాలైంది, మొక్కు మాత్రం ఇంకా నడుస్తోంది. దీన్ని ఏమంటారు పద్మజగారూ?

పద్మజ_హన్మకొండ
అప్పు అంటా. వడ్డీ కడుతున్నరు :)

పచ్చడిమెతుకులు
హహహ. ఫిబ్రవరిలో సెలవు దొరికేవాళ్ళకి ఒకటి చెప్పి నేను వెళ్తా. ఒరిస్తానోలో సార్తిల్యా గుర్రాల పండగ. కార్నివాల్ ఆఖరి ఆదివారం రైతుల సంఘం, మంగళవారం వడ్రంగుల సంఘం చేయిస్తాయి. ముఖ్య రౌతుని బల్ల మీద కూర్చోబెట్టి ఆడపిల్లలు సూదిదారంతో బట్టలు ఒంటి మీదే కుట్టేస్తారు, తర్వాత ముసుగు. అప్పట్నుంచి పండగ అయ్యేదాకా కాలు నేలకి తగలకూడదు, గుర్రాన్ని ఆ బల్ల దగ్గరికే తీసుకొస్తారు. దౌడు తీస్తూ తాడుకి వేలాడే నక్షత్రాన్ని కత్తితో గుచ్చాలి, ఎన్ని పడితే ఆ ఏడు పంట అంత బాగు. మా చెల్లెలు వెళ్ళొచ్చి చెప్పింది. దానికీ ముందే హోటల్ చూసుకోవాలట, ఊళ్ళో గదులు దొరకవు.

గోదారిగట్టు
సరే, ఖాయం చేశాం. కాల్యారిలో దిగి మ్యూజియం, మర్నాడు బరూమిని, సాంత క్రిస్తీన, అక్కణ్ణుంచి నువోరోలో మకాం, 16, 17 మమోయాద, మధ్యలో ఓర్గోసొలో. కారు తీసుకోవాలా, బస్సులతో అవుతుందా?

కాల్యారి_కుర్రోడు
కారే అన్నా. బస్సులున్నాయి కానీ పండగ రాత్రి తిరిగి రావడానికి ఏమీ దొరకదు, పైగా చాలా నురాగెల దగ్గరికి బస్సు పోదు. ఆ కొండల్లో జనవరిలో మంచు పడొచ్చు, టైర్లకి వేసే మంచు చైన్లు ఉన్నాయో లేవో కారు తీసుకునేటప్పుడే అడగండి. 16 రాత్రి కన్నొనావు తాగే ఉద్దేశం ఉంటే నువోరో కాదు, మమోయాదలోనే గది చూసుకోండి, ఇప్పుడే ఫోన్ చెయ్యండి, ఉన్నవే కొన్ని.